పీట తీసేసి ఎంత?

నా జీవితంలో చేసిన బేరాలన్నింటిలోకి గొప్పది నేను కోదాడలో చేశాను. కంప్యూటర్‌కు పెట్టే ఒక ప్రాసెసర్ కొంటూ, అది కాలిపోకుండా కాపాడే భాగాన్ని దాని అడుగు నుంచి ఊడదీయించి, ఆ భాగానికి పడే నాలుగు వందల యాభై రూపాయలు ధరలోంచి తగ్గించుకున్నాను. మండే పొయ్యి పక్కన పెట్టుకున్న నీళ్ల బిందెను తీసేసి దానికి సొమ్ము వాపసు పుచ్చుకున్నట్టన్నమాట. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఈ పని చేసినవాడు ఇంకొకడుంటే వచ్చి నా పక్కన నిలబడమనండి. ఇద్దరం కలిసి ఫోటో దిగుతాం.

ఈ తెలివి నాకు ఊరికే రాలేదు. సూర్యాపేటలో మాది ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. కొత్త బిందె కొనడానికి వచ్చేవాళ్లు పాత బిందె తెచ్చి మార్పిడికి ఇచ్చేవాళ్లు. మా నాయిన దాన్ని వెంటనే తక్కెడలో పెట్టేవాడు కాదు. ముందు బోర్లించి తట్టేవాడు. లోపల పేరుకున్న గారను ఉలితో గీకించేవాడు. మూతి దగ్గర ఇనుప కడియం ఉంటే ఊడదీయించేవాడు. అతుకు పెట్టిన చోట సీసం ఎంత ఉంటుందో కంటితోనే అంచనా కట్టి అదీ తీసేసేవాడు. అన్నీ పోగా మిగిలిన ఇత్తడికే ధర. దీన్ని మేం తరుగు అంటాం. "ఇత్తడికి ఇయ్యవలసిన పైస ఇనుముకెందుకు ఇయ్యాలె?" అన్న ఒక్క ప్రశ్న మీద నాయిన ముగ్గురు పిల్లల్ని పెంచాడు. ఆ ముగ్గురిలో నేను ఆఖరివాణ్ని. తరుగు తీయడంలో మాత్రం మొదటివాణ్ని.

కొనేవాళ్లు తక్కువ తిన్నవాళ్లేం కాదు. మూత ఉన్న గిన్నె చూపిస్తే, "మూత మా ఇంట్ల ఉన్నది, గిన్నె ఒక్కటే ఇయ్యి" అనేవాళ్లు. వాళ్లింట్లో మూత ఉండదని మాకు తెలుసు. మాకు తెలుసని వాళ్లకూ తెలుసు. మూత తీసి పక్కన పెట్టి ఓ పాతిక తగ్గించేవాళ్లం. నెల తిరిగాక వాళ్లే వచ్చి విడిగా మూత కొనుక్కుపోయేవాళ్లు. ఈ నాటకంలో ఎవరికీ ఏ నష్టమూ జరిగేది కాదు. గిన్నె, మూత లేకపోయినా గిన్నెగానే ఉంటుంది కదా. నా చదువంతా ఇదే.

మా అక్కది వేరే చదువు. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివింది. పెళ్లయి మిర్యాలగూడ వెళ్లాక అక్కడో కాంట్రాక్టర్ దగ్గర ప్లాన్లు గీసే ఉద్యోగంలో చేరింది. ఏళ్లతరబడి బల్ల మీద వంగి రైసుమిల్లులు గీసింది. ఆమె గీసిన మిల్లులు ఊరి చుట్టూ పొగ వదులుతూ నిలబడ్డాయి కానీ, ఏ కాగితం మీదా ఆమె పేరు లేదు. మూలన గళ్లు ఉంటాయి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అని. మూడు గళ్లలోనూ కాంట్రాక్టరే సంతకం పెట్టుకునేవాడు. తొంభైల నడుమ ఒకరోజు ఆమె ఆ ఉద్యోగం మానేసి, చీటీ ఎత్తి, హైదరాబాదు నుంచి ఓ పాత కంప్యూటర్ తెప్పించుకుంది. ఇంటి ముందు గదిలో పెట్టింది. "నెలాఖరుదాక నీ కుర్చీ ఖాళీగనే ఉంచుత" అని కాంట్రాక్టర్ నవ్వుతూ పంపాడట. ఆ నవ్వే ఆమెను కుదురుగా కూర్చోనివ్వలేదు.

కంప్యూటర్ 486 రకం. అందులోనూ కింది మెట్టుది. పెద్ద లెక్కలు చేసే భాగం దాని ప్రాసెసర్‌లో లేదు. గీతల ప్రోగ్రాంకేమో ఆ లెక్కల భాగం లేకపోతే నడవదు. అందుకని హైదరాబాదువాడు ఒక చిన్న ప్రోగ్రాం వేసి ఇచ్చాడు. లేని లెక్కల భాగం ఉన్నట్టు అది గీతల ప్రోగ్రాంను నమ్మిస్తుంది. మాలాంటి వ్యాపారి బుర్రే ఎవడిదో అందులో పనిచేసిందని నాకు ముచ్చటేసింది. కానీ నమ్మించడానికి చాలా సమయం పట్టేది. అక్క ఒక గోడ జరిపి, మీట నొక్కి, పొయ్యి మీద చాయ్ పెట్టి, అది పొంగాక వచ్చి చూస్తే గోడ జరిగి ఉండేది. గుండ్రని నీళ్ల ట్యాంకులు ఎనిమిది మూలలతో కనిపించేవి. వాటిని గుండ్రంగా చేయమని అడగడం ఆమె మానేసింది.

అలాంటప్పుడు ఒక మిల్లు షావుకారు వచ్చాడు. ఉప్పుడు బియ్యం మిల్లు కడుతున్నాడు. హైదరాబాదు ఇంజినీరు గీసిన ప్లాను నాలుగు ఫ్లాపీల మీద ఉంది. స్థలంలోకి దిగి చూస్తే బాయిలర్ గది పెట్టవలసిన చోట కాలువ గట్టు అడ్డమొచ్చింది. ప్లాను మార్చాలి. పది రోజుల్లో మార్చి ఇస్తే ఈ పనే కాక, ఆపై తన వాళ్లవి ఇంకో రెండు మిల్లులూ ఆమెకే ఇస్తానన్నాడు. లేకపోతే ఫ్లాపీలు మళ్లీ హైదరాబాదు బస్సెక్కుతాయి. అక్క ఒప్పుకుని ఫ్లాపీ పెట్టి చూస్తే ప్లాను తెరుచుకోలేదు. అది కొత్త రకం ప్రోగ్రాంలో గీసింది. కొత్త ప్రోగ్రాం బావగారి స్నేహితుడి దగ్గర దొరికింది కానీ, అది మోసపోయే రకం కాదు. లెక్కల భాగం నిజంగా ఉంటేనే లేస్తానని తెర మీద ఇంగ్లీషులో చెప్పి పడుకుంది.

కాబట్టి ప్రాసెసర్ మార్చాలి. కొత్త కంప్యూటర్ కొనే తాహతు లేదు. ఉన్న మదర్‌బోర్డుకే సరిపడేది వెతికి పెట్టాలి. అక్క ఈ సంగతి నాకు చెప్పి, మూడున్నర వేల రూపాయలు, ఒక కాగితం చేతిలో పెట్టింది. బోర్డుతో వచ్చిన జిరాక్సు పుస్తకం రెండు రోజులు చదివి రాసిన కాగితం అది. అందులో నాలుగు ప్రశ్నలు: ప్రాసెసర్ చిప్పుకు కాళ్లు నూట అరవై ఎనిమిదేనా? వేగం ఎంత? బోర్డు ఇచ్చేది ఐదు వోల్టులు, చిప్పుకు కావలసింది ఎన్ని వోల్టులు? జంపర్లు ఎక్కడెక్కడ మార్చాలి?

"ఈ నాలుగు అడుగు తమ్మీ. ధర ఐదోది," అంది.

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఐదోది మొదట అడగాలని నాకు ఆమె చెప్పాలా?

కోదాడలో బస్టాండుకు అవతల ఒక రేడియో మెకానిక్ దుకాణం ఉండేది. ఆయనకు అప్పటికే యాభై దాటి ఉంటాయి. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు. రేడియోల నుంచి టీవీలకు, టీవీల నుంచి కంప్యూటర్లకు ఎదిగాడు. అద్దాల బీరువాలో, పాత స్టెబిలైజర్ల పక్కన, స్పాంజి మీద రెండు ప్రాసెసర్లు పెట్టి ఉన్నాయి. బోర్డు రకం చెప్పగానే ఆయన చిన్నది తీశాడు. అరవై ఆరు వేగం. వాడినది. పద్నాలుగు వందలు.

"మీ బోర్డు పాతది బాబూ. దానికి ఇది సుఖంగా సరిపోద్ది," అన్నాడు.

మా దుకాణంలో కొనడానికి వచ్చినవాడికి ముందు చిన్న గిన్నె చూపిస్తాం. అతనికి కొంచెం చిన్నతనం అనిపిస్తుంది. అప్పుడు పెద్దది తీస్తే కాదనడు. అదే ఎత్తు ఈయన నా మీద వేస్తున్నాడని పట్టేశాను. లేని ఎత్తును పట్టుకోవడం కూడా ఒక నేర్పే. ఇక ఎలాగూ పెద్దదే కొనిపిస్తాడు కదా, సూటిగా దాని దగ్గరికే పోదామని పెద్దదాన్ని చూపించమన్నాను. అది వంద వేగం. మూడు వేల రెండు వందలు.

దాన్ని అరచేతిలో పెట్టుకున్నాను. మా దుకాణంలో నా చేతుల మీదుగా పోయిన లోహం ఎన్ని బండ్లో లెక్కలేదు. అలాంటి పనితనం మాత్రం నేను చూడలేదు. అగ్గిపెట్టె అంత పలక. కింద బంగారు రంగు కాళ్లు, వరసలు వరసలుగా, వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడి ఉన్నాయి. తడితే మోగదు. తూకం వేస్తే తులాలు కూడా రాదు. దీని ధర దేనిదో నాకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు భయం వేస్తుంది, భయం వేసినప్పుడు నేను బేరమాడతాను.

దాని అడుగున ఇంకో చిన్న ఆకుపచ్చ పలక ఉంది. చిప్పు దాని మీద ఎక్కి కూర్చుంది, పీట మీద పెళ్లికొడుకులా. నాయిన నాలోంచి లేచాడు.

"పీట తీసేసి ఎంత?" అన్నాను.

ఆయన తల ఎత్తి చూశాడు. "తీయకూడదండి. అది లేకుండా పాత బోర్డులో పెడితే కాలిపోద్ది."

"పీట మా ఇంట్ల ఉన్నది."

ఇది అబద్ధమని చెప్పనక్కర్లేదు. మా ఊళ్లో అయితే ఈ మాటను అబద్ధమని కూడా అనరు, బేరం అంటారు. కానీ కోదాడ మెకానిక్ రేడియోల మనిషి. ఎదుటివాడు ఒక భాగం ఉందంటే ఉన్నట్టే ఆయన లెక్క. "ఉంటే సరే" అని చిన్న స్క్రూడ్రైవర్‌తో చిప్పును పీట మీద నుంచి నాలుగు వైపులా కొంచెం కొంచెంగా లేపి తీశాడు. నాలుగు వందల యాభై తగ్గించాడు. రెండు వేల ఏడు వందల యాభై కట్టాను. లెక్క వేసింది అక్క ఇచ్చిన కాగితం వెనక. ముందు వైపు ఏముందో తిప్పి చూడలేదు. ఆయన రసీదు రాసి, అడుగున ఇంకో వాక్యం కూడా రాశాడు. నేను చదవకుండా సంతకం పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం మిర్యాలగూడలో అక్క ముందు గదిలో కంప్యూటర్ పెట్టె విప్పి కూర్చున్నాం. నేను మిగిల్చిన ఏడు వందల యాభై రూపాయలు ముందుగా బల్ల మీద పరిచాను, ఆమె చూసేలా. ఆమె వాటిని చూడలేదు.

"వోల్టులు అడిగినవా?"

"అన్నీ అడిగిన," అన్నాను.

ఇప్పటికీ ఆ రెండు మాటల దగ్గర ఆగుతాను. కోదాడలో ఆడింది బేరం. ఇది మాత్రం అబద్ధమే.

ఆమె నమ్మింది. పాత చిప్పు తీసి, కొత్తదాని మూలన ఉన్న చుక్కను సాకెట్ మూలకు కలిపి, కాళ్లు ఒక్కటీ వంగకుండా రెండు బొటనవేళ్లతో అదిమింది. కొత్త చిప్పు రకానికి తగ్గట్టు జిరాక్సు పుస్తకం చూసి, బోర్డుకు చిప్పు రకం, వేగం చెప్పే జంపర్లు మార్చింది. పుస్తకంలో వోల్టులు మార్చే జంపర్ ఊసే లేదు. ఆ బోర్డు పుట్టినప్పుడు ఐదు తప్ప వేరే వోల్టులు ఉంటాయని ఎవరూ అనుకోలేదు.

స్విచ్చి వేసింది. కొత్త ప్రోగ్రాం లేచింది. అక్క మిల్లు ప్లాను తెరిచింది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకున్న మాటలు సరిపోవు. ఇంతకు ముందు ఆ తెర మీద గీతలు ఒకదాని తర్వాత ఒకటి, ముసలివాళ్లు బస్సు ఎక్కుతున్నట్టు వచ్చేవి. ఇప్పుడు మిల్లు మొత్తం ఒక్కసారి నిలబడింది. అక్క ప్లానులో ఒక మూల చూపి దాన్ని దగ్గరికి రమ్మంది. వడ్లు పైకి మోసే ఎలివేటర్ వచ్చింది. ఇంకా దగ్గరికి రమ్మంది. దాని కాలు, కాలికి పలక, పలకకు బోల్టు, బోల్టుకు పెట్టిన రంధ్రం వచ్చాయి. మళ్లీ దూరం పొమ్మంటే అంతా వెనక్కి జరిగి, స్థలం చుట్టూ గోడ, గోడ పక్కన కాలువ గట్టు కనిపించాయి. వడ్లు నానబెట్టే ట్యాంకులు ఆరూ గుండ్రంగా ఉన్నాయి. గుండ్రం చేయమని ఆమె అడగలేదు. అవే అయ్యాయి.

అక్క కుర్చీలో కొంచెం వెనక్కి వాలింది. ఇన్నేళ్లు తన చేత్తో గీసిన మిల్లుల లోపలికి మొదటిసారి నడిచి వెళ్లినట్టు ఉంది ఆమె ముఖం.

"మూలలు పోయినయి," అంది, మెల్లగా.

నేను గడియారం చూశాను, గొప్పగా చెప్పుకోవడానికి పనికొస్తుందని. అందుకే కచ్చితంగా తెలుసు: పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల్లో ఆమె బాయిలర్ గదిని పట్టుకుని గట్టు ఇవతలికి జరిపింది. పొగగొట్టం దాని వెంట వచ్చింది. తెర అక్కడే ఆగిపోయింది. కొత్త ఇస్త్రీ పెట్టె మొదటిసారి వేడెక్కినప్పుడు వచ్చే వాసన వచ్చింది. ఆమె స్విచ్చి ఆపింది. నేను పెట్టెలో చెయ్యి పెట్టి చిప్పు మీద వేలు ఆనించాను. చూపుడు వేలి మీద దాని అంచు గీత పడి బొబ్బ లేచింది. చాలా రోజులు ఎవరైనా అడిగితే చాయ్ గిన్నె అని చెప్పాను.

"వోల్టులు ఎంత అన్నడు తమ్మీ?"

నేను వేలు నోట్లో పెట్టుకుని ఉన్నాను. అది నాకు కలిసొచ్చింది.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, మా ఇంట్లో అరుపులకు జవాబు చెప్పడం నాకు అలవాటే. ఆమె చెయ్యి చాచి కాగితం అడిగింది. తీసి ఇచ్చాను. ముందు వైపు తన నాలుగు ప్రశ్నలు, ఒక్కదాని పక్కనా జవాబు లేదు. తిప్పింది. వెనక నా తీసివేత, కింద రెండు గీతలు. దాన్ని మళ్లీ మడతల మీదుగానే మడిచి తన సంచిలో పెట్టుకుంది. "బోర్డు కూడ పోయిందేమో," అని మాత్రం అంది. పది రోజుల్లో అప్పటికి ఐదు అయిపోయాయి. బోర్డు పోతే ఆమె నెలాఖరు దాకా ఆగకుండానే కాంట్రాక్టర్ దగ్గరి తన పాత కుర్చీలో కూర్చోవచ్చు.

పొద్దున్నే కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి ఇద్దరం కోదాడ బస్సెక్కాం. కండక్టర్ దాన్ని చూసి సామాను టికెట్ కొట్టాడు. ఒళ్లో పెట్టుకున్నదానికి టికెట్ ఏమిటని నేను వాదించలేదు. అక్క నా వైపు ఒకసారి చూసింది, జ్వరమేమైనా ఉందా అన్నట్టు. హుజూర్‌నగర్ దాటాక ఒక్క మాట అంది.

"గాడికి పోయినంక నువ్వు మాట్లాడకు."

నేను సరేనన్నాను. అన్నానే కానీ, దుకాణం మెట్లెక్కగానే నా నోరు దానంతట అదే తెరుచుకుంది. ఒక్కరోజు కూడా నిలవని సరుకు అంటగట్టారని మొదలుపెట్టాను. మెకానిక్ రసీదు పుస్తకం తెచ్చి, కార్బన్ కాపీ తిప్పి అక్క ముందు పెట్టాడు. నేను చదవకుండా సంతకం పెట్టిన వాక్యం అందులో ఉంది: "అడుగు పీట లేకుండా ఇవ్వబడినది. పీట కొన్నవారి ఇంట్లో ఉన్నది."

అక్క దాన్ని రెండుసార్లు చదివింది. "ఏ ఇంట్ల ఉన్నదిరా?" అంది.

ఆయన తల పక్కకు తిప్పుకుని స్టెబిలైజర్ మీద దుమ్ము తుడిచాడు. నవ్వు దాచుకోవడానికేనని నాకు తెలిసింది. నేను బయటికి వెళ్లి మెట్టు మీద కూర్చున్నాను. అక్కడి నుంచి లోపల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

ఆయన కాలిన చిప్పును భూతద్దం కింద పెట్టి చూసి, పక్కన పెట్టాడు. ఆ జాతి చిప్పులు మూడున్నర వోల్టుల లోపే తింటాయట. బోర్డు ఐదు పెడుతుంది. పైనున్నదంతా పీట మింగి, చిప్పుకు దాని అన్నం దానికి పెడుతుంది. నేను ఇనుప కడియం అనుకుని ఊడదీయించింది అదే. సాకెట్‌లో కాళ్లు కుదిరినంత మాత్రాన బోర్డూ చిప్పూ కుదిరినట్టు కాదని, కాళ్ల వరస పాత చిప్పుకూ కొత్తదానికీ ఒకటేనని, అందుకే ఇలా మోసపోతారని ఆయన అక్కకు చెబుతున్నాడు. అక్క అడుగుతోంది. నాలుగు ప్రశ్నలూ వరసగా, కాగితం చూడకుండా. ఆయన జవాబులు మారుతూ వచ్చాయి. మొదట కొనేవాళ్లతో మాట్లాడినట్టు చెప్పాడు. రెండో ప్రశ్నకు కుర్చీ లాగి ఆమెను కూర్చోమన్నాడు. మూడో ప్రశ్నకు లోపలి నుంచి తన సొంత పుస్తకం తెచ్చాడు.

ఇరవై ఏళ్లు గల్లా పక్కన పెరిగాను. అమ్మేవాడు కొనేవాళ్ల కోసం కుర్చీ లాగడం చాలాసార్లు చూశాను. పుస్తకం తేవడం అదే మొదలు.

ముందు బోర్డు బతికుందో లేదో తేలాలి. అక్క సంచిలో తెచ్చిన పాత చిప్పును మళ్లీ పెట్టి, దుకాణంలోని తెరకు కలిపి స్విచ్చి వేశారు. నేను మెట్టు మీద నుంచి లేచి గుమ్మంలోకి వచ్చాను, ఎవరూ వద్దనలేదు. తెర నల్లగా ఉంది. తర్వాత మూలన అంకెలు కదలడం మొదలైంది, మెమరీ లెక్కపెట్టుకుంటూ, నిదానంగా, ఆ ముసలి ప్రాణం ఒక్కొక్కటే. అక్క చేతులు చీరె కొంగులో ఉన్నాయి. అంకెలు చివరిదాకా వచ్చి ఆగి, కంప్యూటర్ ఒక్కసారి కూసింది. అలాంటి కూతను నేను ముందూ వెనకా సంగీతం అనుకోలేదు.

"బోర్డు మంచిదమ్మా," అన్నాడాయన. "చాలా ఓర్చుకుంది."

అప్పుడు స్పాంజి మీద నుంచి చిన్నదాన్ని తీశాడు. నాకు మొదటిరోజే చూపించిన అరవై ఆరు వేగందే. దానికి కావలసింది ఐదు వోల్టులు. పీట అక్కర్లేదు. లెక్కల భాగం లోపలే ఉంది. బోర్డు వేగం ఇరవై ఐదు నుంచి ముప్పై మూడుకు పెంచితే చిప్పు దాన్ని రెండింతలు చేసుకుంటుంది. మొదటిరోజే జరగవలసింది ఇదే, ఇంతే. దాని నెత్తిన ఒక చిన్న ఫ్యాను మాత్రం తగిలించుకోమన్నాడు.

జంపర్లు మార్చడానికి ఆయన చిమటా, సన్నని పట్టకారు లాంటిది, తీసుకున్నాడు. వడ్లగింజలో సగం ఉండే నల్లటి టోపీలు అవి. పుస్తకంలో వరస చూస్తూ టోపీ పట్టుకోవడం ఆయనకు కుదరలేదు. అక్క చెయ్యి చాచింది. ఒక క్షణం ఆలోచించి ఆయన చిమటా ఆమెకు ఇచ్చేశాడు. ఆయన చదువుతుంటే ఆమె పెడుతూ పోయింది. ఏడు టోపీలు ఒక జత సూదుల మీద నుంచి ఇంకో జత మీదికి. ఏళ్లతరబడి సన్నని పెన్నుతో గీతలు గీసిన వేళ్లు. ఒక్కటీ జారలేదు. నేను చూస్తూ నిలబడ్డాను. నా పక్కనే పెరిగిన మనిషి, నాతో కలిసి బిందెలు తోమిన మనిషి. ఆమె చేతుల్ని నేను అంతకు ముందు చూడలేదని అప్పుడు తెలిసింది.

మిల్లు ప్లాను తెరుచుకుంది. చనిపోయినదాని అంత వేగం లేదు. రెప్పపాటు ఆలస్యం. ఆ రెప్పపాటులో ఎదురుచూపు ఉంది కాబట్టి నాకు ఇంకా అద్భుతంగా కనిపించింది. ట్యాంకులు ఆరూ గుండ్రంగా వచ్చాయి. అరగంట ఉంచారు. ఆయన నా బొబ్బ వేలి వైపు చూసి, "ఇప్పుడు ముట్టుకోండి బాబూ," అన్నాడు. ముట్టుకున్నాను. అప్పుడే గ్లాసులో పోసిన చాయ్ వెచ్చదనం.

అక్క ధర అడిగింది. పద్నాలుగు వందలన్నాడు, మొన్న చెప్పిందే. ఆమె లెక్కపెట్టి ఇచ్చేసింది. బేరం నా నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. వచ్చేముందు మాత్రం, దుకాణాల్లో పెరిగినవాళ్లకు అది ఊపిరి లాంటిది, కొసరు అడిగాను. ఆయన సొరుగు లాగి, ఆకుపచ్చ పీట తీసి నా చేతిలో పెట్టాడు.

"దీని చిప్పు పోయింది. కొత్త చిప్పు ఏదైనా తన పీటతోనే వస్తుంది. ఇక ఇది నాకు దేనికి?" అన్నాడు. "మీ ఇంట్లో ఉందని రాశాను కదా. ఉండనివ్వండి."

మిగిలిన నాలుగు రోజులూ నేను సూర్యాపేట వెళ్లలేదు. కరెంటు ఎప్పుడు పోతే అప్పుడు చెప్పడం, చాయ్ పెట్టడం నా పనులు. చాయ్ పొంగేలోపు ఇప్పుడు గోడలు కాదు, గదులు జరుగుతున్నాయి. గట్టుకు ఇవతల బాయిలర్ గది, దానికి తగ్గట్టు ఆవిరి గొట్టాలు, ఆరబోసే కళ్లం అన్నీ కొత్తగా కుదురుకున్నాయి. తొమ్మిదో రోజు పెద్ద కాగితాల మీద అచ్చయి వచ్చాయి.

పదో రోజు షావుకారు వచ్చి కాగితాన్ని నేల మీద పరిపించి, చెప్పులు విడిచి, దాని చుట్టూ ఒకసారి నడిచాడు. తన మిల్లు చుట్టూ తాను నడుస్తున్నట్టే. గట్టు దగ్గర ఆగి జానతో కొలిచాడు. తర్వాత మూలన గళ్ల దగ్గర కూర్చున్నాడు.

"ఈ గీసినవారు అన్నకాడ ఉన్నది ఎవరి పేరు బిడ్డా?"

"నాదే," అంది అక్క.

ఆయన ఆ పేరును పైకి చదివాడు, ఒక్కో అక్షరం కూడబలుక్కుని. "మరి తక్కిన రెండు మిల్లులకు గూడ గిదే పేరు ఉండాలె. మళ్ల ఇంకోటి ఉంటే మావోళ్లు పరేషాన్ అయితరు," అన్నాడు. కాగితం చుట్టుకుని వెళ్లిపోయాడు. నెలాఖరుకు కాంట్రాక్టర్ దగ్గర అక్క కుర్చీలో వేరేవాళ్లు కూర్చున్నారని తెలిసింది.

పీట నా దగ్గరే ఉంది. సూర్యాపేట దుకాణంలో గల్లా పెట్టె మీద, తక్కెడ రాళ్ల పక్కన ఉంచాను. "మూత మా ఇంట్ల ఉన్నది" అని ఎవరైనా అంటే నా కళ్లు దాని మీదికి పోతాయి. "నిజంగనే ఉన్నదా?" అని ఒకసారి అడుగుతాను. వాళ్లు వింతగా చూస్తారు.

ఇక లెక్క. అక్క అడగలేదు, నేనే రాసి ఇచ్చాను, అదే కాగితం మీద, తన ప్రశ్నల కింద. ఈసారి తరుగు తీయలేదు. కాలిన చిప్పు రెండు వేల ఏడు వందల యాభై. నిలిచిన చిప్పు పద్నాలుగు వందలు. ఫ్యాను తొంభై. బస్సు చార్జీలు, సామాను టికెట్ రెండు వైపులా కలిపి, తొంభై ఆరు. చాయ్‌లు, ఇడ్లీలు ఇరవై రెండు. మొత్తం నాలుగు వేల మూడు వందల యాభై ఎనిమిది. మొదటిరోజు ఆయన చూపించినదే తీసుకుని ఉంటే, ఫ్యానుతో కలిపి పద్నాలుగు వందల తొంభై. అది అక్క ఖర్చు. మిగతా రెండు వేల ఎనిమిది వందల అరవై ఎనిమిది నాది, కట్టేశాను. బేరంలో తగ్గించుకున్నది నాలుగు వందల యాభై. పీటకు ఏమీ పడలేదు.